ప్లాన్ స్టిల్ట్ ప్లస్ మూడుకి, లేచింది ఐదు. ఎవరికి చెప్పాలి?

వంటింటి_కిటికీ

మాది తూర్పు బెంగళూరులో 30×40 సైటు, జి ప్లస్ వన్. 2017లో కట్టుకున్నాం, లోన్ ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. పక్క సైటు ఇన్నాళ్లూ ఖాళీగా పిచ్చిమొక్కలతో ఉండేది. పోయిన దసరా అయ్యాక పూజ చేసి పని మొదలుపెట్టారు. గేటు దగ్గర పెట్టిన బోర్డులో స్టిల్ట్ (కింద స్తంభాల మీద పార్కింగ్) ప్లస్ మూడంతస్తులు అని ఉంది, ఫోటో తీసి పెట్టుకున్నాను. నిన్న ఆరో శ్లాబు పోశారు. అంటే స్టిల్ట్ మీద ఐదంతస్తులు. మధ్యలో వదలాల్సిన జాగా వదల్లేదు. మా వంటింటి కిటికీలోంచి మా ఆవిడ గరిటె చాపితే కాడ సగం బయటికి పోకముందే వాళ్ల గోడకి తగిలింది. పగలు పదకొండింటికి కూడా లైటు వేసుకుని వంట చేస్తున్నాం. శ్లాబు పోసిన రోజు సిమెంటు నీళ్లు కారి తులసికోట మొత్తం బూడిదరంగుకి వచ్చేసింది.

కార్పొరేషన్ ఆఫీసుకి మూడుసార్లు పోయాను. మొదటిసారి ఇంజనీరు ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నారన్నారు. రెండోసారి మీటింగ్. మూడోసారి దొరికారు, రాసివ్వమన్నారు, ఇచ్చాను, ముద్ర వేసిన కాపీ అడిగితే ఆ సెక్షన్ వాళ్లు భోజనానికి వెళ్లారన్నారు. నాకు అర్థం కానిది ఒకటే. ప్లాన్ ఇచ్చింది వాళ్లే, ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉంది, అది చేత్తో పట్టుకుని మా గేటు దగ్గర నిలబడి అంతస్తులు లెక్కపెడితే చాలు కదా. ఎందుకు లెక్కపెట్టరు?

నాళె_బన్ని

ఒకటి నుంచి మూడు దాకే లెక్క వచ్చేమో బ్రో.

బైటూ_కాఫీ

కార్పొరేటర్‌కి చెప్పి చూడండి, ఓట్ల భయం ఉంటుంది.

ఆర్టీఐ_రంగా

@బైటూ_కాఫీ ఏ కార్పొరేటర్? బీబీఎంపీకి, అంటే మన పాత కార్పొరేషన్‌కి, చివరిసారి ఎన్నిక జరిగింది 2015లో. 198 వార్డుల ఆ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్ 10న అయిపోయింది. తర్వాత ఏళ్ల తరబడి అధికారుల పాలనే. వార్డులు 243 అన్నారు, 225 అన్నారు, చివరికి 2025లో బీబీఎంపీనే తీసేసి ఐదు కార్పొరేషన్లు చేశారు. అయినా కౌన్సిలర్ ఉన్న రోజుల్లో కూడా ప్లాన్ మీద సంతకం ఆయనది కాదు, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌ది. కాకపోతే ఆయన ఇంటి ముందు నిలబడి అరవడానికి ఒక గేటు ఉండేది, తర్వాత అదీ లేకుండా పోయింది.

వంటింటి_కిటికీ

ఆ ఐదు కార్పొరేషన్ల సంగతి నాకు చెప్పకండి. నాలుగోసారి పోతే "మీ అర్జీ పాత ఆఫీసు ఫైల్లో ఉంది, ఇప్పుడు మీ ఏరియా ఇంకో ఆఫీసు కిందికి వచ్చింది" అన్నారు. బోర్డు మార్చారు, కుర్చీలు అవే, మనుషులూ వాళ్లే, ఫైలు మాత్రం వేరే ఊరు పోయినట్టు చెప్తారు.

టేపు_పట్టిన_శీను

నేను ఈ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను, సివిల్. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముందు లెక్క. మన దగ్గర ఇంకా నడుస్తున్నది ఆర్‌ఎంపీ 2015, అంటే ఊరి మాస్టర్ ప్లాన్, దాని జోనింగ్ రూల్సే. అందులో 360 చదరపు మీటర్ల లోపు రెసిడెన్షియల్ సైటుకి, 12 మీటర్ల దాకా రోడ్డుంటే, ఎఫ్‌ఏఆర్ (సైటుకి ఎన్ని రెట్లు కట్టొచ్చో) 1.75, కవరేజ్ (సైటులో ఎంత భాగం మీద కట్టొచ్చో) 75 శాతం. 30×40 అంటే 1,200 చదరపు అడుగులు. మొత్తం అంతస్తులన్నీ కలిపి 2,100 అడుగులు కట్టుకోవచ్చు. స్టిల్ట్ పార్కింగ్ ఇందులో లెక్కకి రాదు. కాబట్టి స్టిల్ట్ ప్లస్ మూడు అంటే అంతస్తుకి 700, చక్కగా సరిపోతుంది, ప్లాన్ పాసవుతుంది. ఇప్పుడు మీ పక్కాయన ముందు రెండడుగులు వదిలి మిగతా నిండా కట్టాడనుకుందాం, అంతస్తుకి 1,100, ఐదుకి 5,500. రెండింతలు దాటి పోయింది.

ఇక ఎందుకు చూడరు అన్న ప్రశ్న. క్లయింటు మొదటిరోజు మా ఆఫీసుకి వచ్చి కుర్చీలో కూర్చోకముందే అనే మాట "సార్, శాంక్షన్‌కి ఒక డ్రాయింగ్, కట్టడానికి ఒక డ్రాయింగ్". శాంక్షన్ డ్రాయింగ్‌లో సెట్‌బ్యాక్, అంటే చుట్టూ వదలాల్సిన జాగా, ఉంటుంది, చెట్టు ఉంటుంది, వాన నీటి గుంట ఉంటుంది. వర్కింగ్ డ్రాయింగ్‌లో రూములు ఉంటాయి. మేస్త్రీ చేతిలో ఉండేది రెండోది. మొదటిది లోన్ కోసం బ్యాంకుకి, మిగతా రోజుల్లో బీరువాలో. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, అందుకే టేపు పట్టుకుని ఎవరూ రారు. వస్తే రాయాలి, రాస్తే ఆ వీధి మొత్తం మీద రాయాలి.

నాళె_బన్ని

శాంక్షన్ డ్రాయింగ్‌లో చెట్టు ఉంటుంది 😂 మా ఇంటి ప్లాన్‌లో రెండు కొబ్బరిచెట్లు ఉన్నాయి, అక్కడే ఇప్పుడు జిరాక్సు షాపు.

మదనపల్లి_మామ

అందరూ కట్టినోడి మీద పడ్డారు. నేనూ కట్టినోడినే, నాలుగంతస్తులు, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. సైటు కొనడానికి ఊళ్లో రెండెకరాలు అమ్మినాను. దాని మీద 2,100 అడుగులే కట్టుకో అంటే వడ్డీ ఎట్ల కట్టాలి? అద్దె వస్తేనే కదా. ఈ 1.75 రాసినోళ్లు ఎప్పుడు రాసినారు? 2007లో. అప్పుడు ఇక్కడ మెట్రో కూడా లేదు, మా వీధి చివర కోళ్ల ఫారం ఉండేది. 2031కి కొత్త ప్లాన్ అని 2017లో డ్రాఫ్ట్ పెట్టినారు, 2020లో వెనక్కి తీసుకున్నారు. పేరులోనే 2015 అని గడువు రాసుండే ప్లాన్‌తో ఇప్పటి ఊరిని కొలుస్తారా?

లేఅవుట్_లలితక్క

మామా, ప్లాన్ పాతదయింది అన్నది నిజమే, ఒప్పుకుంటా. అది పాతదైతే గాలి కూడా పాతదవుతుందా? కిటికీకి గరిటె తగిలితే 2007 అయినా 2031 అయినా ఒకటే.

మదనపల్లి_మామ

అక్కా నేను సైడుకి మూడడుగులు వదిలినాను, పైకి పోయినాను గానీ పక్కకి పోలేదు. తేడా ఉంది.

టేపు_పట్టిన_శీను

మామ చెప్పిన తేడా నిజంగా పెద్దదే. పైకి పోతే ట్యాంకర్లు ఎక్కువ వస్తాయి, పార్కింగ్ రోడ్డు మీదికి వస్తుంది, వీధి మొత్తం పంచుకుంటుంది. పక్కకి పోతే ఒకే ఇంటి వెలుతురు పోతుంది. అలాగని పునాది మూడంతస్తులకి లెక్కేసి ఐదు ఎక్కిస్తే అది ఇంకో కథ.

బొబ్బిలి_బుల్లోడు

ఆ ఇంకో కథ నేను చెప్తాను. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల బిల్డింగ్ వానలో కూలింది. 61 మంది పోయారు. చాలామంది మా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి కూలికి పోయినోళ్లే. మా పక్క ఊరికి అంబులెన్సులు వచ్చిన రోజు నేను ఇంటర్ చదువుతున్నాను. మొన్న 2024 అక్టోబర్‌లో మన బాబుసాపాళ్యలో కూడా కడుతున్న బిల్డింగ్ వానకి కూలి తొమ్మిది మంది పోయారు, అందరూ కూలోళ్లే. అంతస్తులు ఎక్కించినోడు కింద ఉండడు. ఇక్కడ ఎఫ్‌ఏఆర్ లెక్కలు చదువుతుంటే అదే గుర్తొచ్చింది, అంతే.

ఆర్టీఐ_రంగా

@వంటింటి_కిటికీ అర్జీలు ఆపి ఆర్టీఐ వేయండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్. ఆ సైటు శాంక్షన్ ప్లాన్ ధృవీకరించిన కాపీ, మీ అర్జీ మీద ఏ తేదీన ఏం చేశారో నోట్‌షీట్ కాపీ, రెండూ అడగండి. "ఎందుకు చర్య తీసుకోలేదు" అని మాత్రం రాయొద్దు, ప్రశ్న అడిగితే సమాచారం కాదంటూ తిప్పి పంపుతారు. కాగితమే అడగాలి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

అమీర్‌పేట_వలస

హైదరాబాద్‌లో దీనికి ఒక మందు ఉందండి. మరీ చిన్న ఇళ్లు తప్ప, ప్లాన్ ఇచ్చేముందే బిల్టప్ ఏరియాలో పది శాతం కార్పొరేషన్ పేర మార్ట్‌గేజ్ రాయించుకుంటారు. ఓసీ (ప్లాన్ ప్రకారం కట్టారు, ఉండొచ్చు అని ఇచ్చే సర్టిఫికెట్) తెచ్చుకుంటేనే అది వదులుతారు. కాబట్టి ప్లాన్ తప్పితే ఆ వాటా అమ్ముకోలేడు. చిన్న ఇళ్లకైతే 75 గజాల లోపు అసలు పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకోవడమే.

బైటూ_కాఫీ

మీ ఊళ్లో పెంట్‌హౌస్ లేని అపార్ట్‌మెంట్ ఒక్కటి చూపించండి, ఈ థ్రెడ్‌లో ఉన్న అందరికీ బిర్యానీ నాది.

అమీర్‌పేట_వలస

😬 మా నాన్న బిల్డింగ్ మీద కూడా ఉంది. సరే, బిర్యానీ మిగిలింది మీకు.

లేఅవుట్_లలితక్క

అంతస్తుల గోల మీది, మాది వేరే గోల. మాది బీడీఏ (బెంగళూరు డెవలప్‌మెంట్ అథారిటీ) లేఅవుట్, మాస్టర్ ప్లాన్ మ్యాపులో మా వీధి పసుపు రంగు, అంటే ఇళ్లు. ఎదురింటి వాళ్లు అమెరికా పోతూ ఇల్లు ఒక కేఫ్ వాళ్లకి ఇచ్చారు. ఇప్పుడు రాత్రి పన్నెండింటికి బండ్లు, మా గేటు ముందు కార్లు, పొద్దున్నే వాకిలి ఊడిస్తే సిగరెట్ పీకలు. ఆఫీసులో అడిగితే "ట్రేడ్ లైసెన్స్ ఉందమ్మా" అన్నారు. రెసిడెన్షియల్ ఇంటికి ట్రేడ్ లైసెన్స్ ఎలా ఇచ్చారు అంటే "అది హెల్త్ సెక్షన్, మేం టౌన్ ప్లానింగ్". రెండు గదుల మధ్య ఒకే గోడ ఉంది నాయనా, దాంట్లో తలుపు కూడా ఉంది, తీసే ఉంది. నేను ఆ తలుపులోంచే ఇటు నుంచి అటు పోయాను.

టేపు_పట్టిన_శీను

అక్కా మీరు చెప్పింది అసలు జబ్బు. మాస్టర్ ప్లాన్ గీసింది బీడీఏ. ఇంటి ప్లాన్ ఇచ్చేది కార్పొరేషన్. కరెంటు బెస్కాం. నీళ్లు జలమండలి. ట్రేడ్ లైసెన్స్ హెల్త్ వాళ్లు. ఒకరి కాగితం ఇంకొకరు చూడరు. అడిగితే ఒక్కొక్కరి దగ్గరా వాళ్ల వరకు అంతా సక్రమమే.

ఇన్నాళ్లకి ఒక్క మార్పు వచ్చింది. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఓసీ లేకపోతే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దంది. దాంతో ఇక్కడ మీటర్లు ఆగిపోయాయి. గొడవ గొడవ అయింది, వేలమంది తాళాలు పట్టుకుని బయట నిలబడ్డారు. తర్వాత 1,200 అడుగులకి మించని సైట్లలో జి ప్లస్ రెండు లేదా స్టిల్ట్ ప్లస్ మూడు దాకా ఇళ్లకి ఓసీ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చారు. మీ పక్కాయనది స్టిల్ట్ ప్లస్ ఐదు కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు. కూల్చమని అర్జీ పెట్టడం కంటే, పర్మనెంట్ మీటర్ ఇవ్వొద్దని కరెంటు వాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వడం మేలు.

నాళె_బన్ని

వాళ్ల దగ్గర టెంపరరీ మీటర్ ఉంటుంది కదా, కన్‌స్ట్రక్షన్‌ది. మా వీధిలో ఒక బిల్డింగ్ కట్టడం పూర్తయి రెండేళ్లయింది, జనం ఉన్నారు, పిల్లలు బడికి పోతున్నారు, మీటర్ ప్రకారం ఇంకా కట్టుబడిలోనే ఉంది.

మదనపల్లి_మామ

అక్రమ సక్రమ స్కీము, ఫీజు కట్టి తప్పు కట్టడాన్ని సక్రమం చేసుకునేది, వస్తే అన్నీ సరిపోతాయిలే.

ఆర్టీఐ_రంగా

మామా అది వస్తుందని నమ్ముకుని కట్టినవాళ్లతోనే ఊరు నిండింది. 2016 డిసెంబర్‌లో హైకోర్టు సరే అంది, 2017 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వచ్చినా అది 2013 అక్టోబర్ 19కి ముందు కట్టినవాటికి, ఇళ్లయితే 50 శాతం దాకా తప్పిన వాటికే. శీను లెక్క ప్రకారం ఈ పక్కింటిది 160 శాతం దాటింది. సక్రమ చేయాలంటే పై మూడంతస్తులు పక్కింటి కిటికీ ఆయనకి దానం ఇవ్వాలి.

వంటింటి_కిటికీ

రంగా గారు చెప్పినట్టు ఆర్టీఐ వేశాను. మూడు వారాలైంది. ఈలోపు ఒక కబురు.

నోటీసు వచ్చింది. నాకు.

బైటూ_కాఫీ

ఏంటీ???

వంటింటి_కిటికీ

నిజం. పోయిన గురువారం ఇద్దరు వచ్చారు. పక్క బిల్డింగ్ గేటుకి తాళం ఉందని "రేపు చూస్తాం" అన్నారు. ఎలాగూ వచ్చాం కదా అని మా గేటు తీయించి లోపలికి వచ్చారు. మా ఆవిడ మజ్జిగ కూడా ఇచ్చింది. మెట్ల కింద బాత్రూమ్ ప్లాన్‌లో లేదట. స్కూటర్ కోసం వేసిన రేకుల షెడ్డు సెట్‌బ్యాక్‌లో ఉందట. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. టేపు మాత్రం తెచ్చారు శీను గారూ, మా షెడ్డు కొలిచారు. నాలుగడుగుల రెండంగుళాలు.

నాళె_బన్ని

నవ్వకూడదు. నవ్వకూడదు. మజ్జిగ దగ్గర ఆపుకోలేకపోయా.

లేఅవుట్_లలితక్క

దొరికినవాడిని కొలుస్తారు నాయనా. నువ్వు నాలుగుసార్లు పోయి నీ పేరు, అడ్రసు, ఫోన్ నంబరు రాసిచ్చావు. ఆయన ఒక్కసారీ పోలేదు, ఆయన ఎవరో వాళ్లకేం తెలుసు?

టేపు_పట్టిన_శీను

టెన్షన్ పడకండి. షెడ్డు రేకులు విప్పేసి ఫోటో తీసి జవాబుతో పాటు ఇవ్వండి, అది శాశ్వత కట్టడం కాదు. బాత్రూమ్‌ది, బైలా ప్రకారం కొద్ది శాతం లోపు తేడా అయితే ఫీజు కట్టి సరిచేసుకునే వీలుంది, మీ మొత్తం ఏరియా ఎంతో చెప్పండి, లెక్క చూస్తాను. జవాబు మాత్రం గడువు దాటనివ్వకండి. ఇప్పుడిచ్చింది మొదటి ఆర్డర్, జవాబు రాకపోతే దాన్నే ఖాయం చేస్తూ ఇంకోటి ఇస్తారు, అప్పుడు ట్రిబ్యునల్‌కి పోవాలి. పక్కాయన లాంటోళ్లు ఆ దారిలోనే పోతారు, ఖాయం చేసిన ఆర్డర్ వచ్చిన మర్నాడే స్టే తెచ్చుకుని నాలుగేళ్లు అద్దెలు వసూలు చేసుకుంటారు.

మదనపల్లి_మామ

ఇది అన్యాయం. నేనే కట్టినోడి పక్షం గదా, నాకే కోపం వస్తోంది. ఆ షెడ్డు విప్పొద్దు, మా దగ్గర లాయర్ ఉన్నాడు.

వంటింటి_కిటికీ

విప్పేశాను మామా. లోన్ ఉన్నోడిని, కోర్టులు నావల్ల కాదు.

వంటింటి_కిటికీ

అప్‌డేట్. ఆర్టీఐ జవాబు ముప్పై నాలుగో రోజు వచ్చింది. నోట్‌షీట్‌లో నా అర్జీ మీద ఒక్క లైను ఉంది, "స్థలం పరిశీలించాల్సి ఉంది". ప్లాన్ కాపీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది. మా వైపు ఒక మీటరు సెట్‌బ్యాక్, పక్కన బాణం గుర్తు. స్టిల్ట్‌లో మూడు కార్లు గీశారు, పైనుంచి చూసినట్టు, ముందు అద్దాలు కూడా వేసి. మొన్న తొంగి చూస్తే ఆ మొదటి కారు ఉండాల్సిన చోట గ్రైండరు, రెండో కారు చోట గ్యాస్ బండలు, మూడో కారు చోట స్టీల్ కంచాల దొంతర. పీజీ హాస్టల్ పెడుతున్నారు.

కరెంటు ఆఫీసుకి శీను గారు చెప్పినట్టే రాసిచ్చాను, ప్లాన్ కాపీ జతచేసి. ఈసారి ముద్ర వేసిచ్చారు. ఇప్పటిదాకా నాకు దక్కింది ఆ ముద్ర ఒక్కటే, ఫ్రేము కట్టిద్దామనుకుంటున్నా.

ఆర్టీఐ_రంగా

పీజీ అయితే ఇంకో దారి ఉంది. 2024లో కార్పొరేషన్ పీజీలకి రూల్స్ పెట్టింది. మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకి 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, ట్రేడ్ లైసెన్స్. లైసెన్స్‌కి దరఖాస్తు వచ్చినప్పుడు హెల్త్ సెక్షన్‌లో మీ అభ్యంతరం ముందే ఉండేలా చూడండి. లలితక్క చెప్పిన ఆ తలుపులోంచే వెళ్లండి.

లేఅవుట్_లలితక్క

తలుపు దాటాక కుడివైపు మూడో బల్ల. కళ్లద్దాల అమ్మాయి, మంచిది, కాపీ మీద ముద్ర వేస్తుంది. మీ ఆఫీసులో కూడా అలాంటి అమ్మాయి ఒకరు ఉంటారు, వెతుక్కోండి.

మడివాళ_తమ్ముడు

థ్రెడ్ మొత్తం చదవలేదు సారీ. ఆ పీజీ ఓపెన్ అయిందా? ఐటీపీఎల్ దగ్గరేనా? మా తమ్ముడికి వచ్చే నెల జాయినింగ్, సింగిల్ షేరింగ్ దొరకడం లేదు.

నాళె_బన్ని

😭😭😭

వంటింటి_కిటికీ

బోర్డు నిన్ననే కట్టారు తమ్ముడూ. టూ షేరింగ్ 8,500, తెలుగు భోజనం అని పెద్దక్షరాల్లో రాశారు. తీసుకుంటే రెండో అంతస్తులో మా వైపు రూమ్ అడగమను. గాలి రాదు గానీ, పొద్దున ఏడింటికి మా పోపు వాసన వస్తుంది.